ఆరు గదులు అతిథులకి, ఏడోది మనకి

అండమాన్‌లో మేముండే దీవికి ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పేరు. 2018 డిసెంబర్ 30 దాకా హావ్‌లాక్. ఆటోవాళ్ల నోటా, కూరగాయల బజార్లోనూ ఇంకా హావ్‌లాకే. శ్రీ విజయపురాన్ని మేం ఇప్పటికీ పోర్ట్ బ్లెయిర్ అనే అంటాం. అక్కడి జెట్టీలో ఎక్కితే ప్రైవేటు బోటు గంటన్నరలో ఇక్కడ దింపుతుంది, సర్కారు షిప్పు రెండున్నర గంటలు తీసుకుంటుంది. సెలవులకొచ్చి రెండు రోజులుండి వెళ్లేవాళ్లలో ఎవరో ఒకరు ప్రతి సీజన్లోనూ, బిల్లు కడుతూ గొంతు తగ్గించి అడుగుతారు. "మేం కూడా ఇక్కడ ఇలాంటి చిన్న హోటల్ పెట్టుకుంటే ఎలా ఉంటుందండీ?"

ఆ తర్వాత వాళ్లడిగేవన్నీ సముద్రం గురించే. తుఫానొస్తే ఏం చేస్తారు, షిప్పు రాకపోతే సరుకులెలా, కరెంటు పోతే ఏమిటి? అడగాల్సిన ప్రశ్నలే. వాటికి జవాబులున్నాయి, ఈ అధ్యాయంలో చెబుతాను. అయితే నేను తిరిగి అడిగే ప్రశ్నకి మాత్రం చాలామంది దగ్గర జవాబుండదు. "మీరు ఎక్కడ పడుకుంటారు?"

నవ్వుతారు. హోటలే మనదైనప్పుడు పడుకోవడానికి చోటుండదా అంటారు. ఉండదు. డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా ఈ దీవిలో ఖాళీ మంచం కనిపిస్తే అది విచిత్రమే. జెట్టీ దగ్గర సంచులు భుజాన వేసుకుని గది కోసం తిరిగేవాళ్లుంటారు. అప్పుడు మన సొంత గదికి కూడా రేటు కనిపించడం మొదలవుతుంది. రాత్రికి నాలుగు వేలు. పదిహేను రాత్రులకి అరవై వేలు. ఎవరైనా ఊగుతారు. పిల్లల్ని సామాన్ల గదిలో బియ్యం బస్తాల పక్కన పరుపేసి పడుకోబెట్టి, పెద్దవాళ్లు వరండాలో దోమతెర కట్టుకుని, "రెండు వారాలే కదా" అనుకుంటారు. మా వీధిలో ఒక బెంగాలీ కుటుంబం అలాగే చేసేది. వాళ్ల రెండో తరగతి పిల్లవాడు బడి నుంచి రాగానే పుస్తకాల సంచీతో రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడేవాడు. "మా, ఈ రోజు మనం ఏ నంబర్?" వాడికి అదొక మామూలు ప్రశ్న. విన్నవాళ్లకే కాస్త కష్టంగా ఉండేది.

దీవి మీద చిన్న కుటుంబ హోటల్ నడపడంలో ఉన్న కష్టం సముద్రం తెచ్చేది తక్కువ. ఇల్లెక్కడ ఆగి వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో తెలియకపోవడం తెచ్చేదే ఎక్కువ. హైదరాబాద్‌లో కిరాణా కొట్టు నడిపేవాడు షట్టరు దించి ఇంటికెళ్తాడు. ఇక్కడ దించడానికి షట్టరు లేదు, వెళ్లడానికి వేరే ఇల్లు లేదు, విసుగొస్తే పుట్టింటికి పోదామంటే విశాఖ 1,200 కిలోమీటర్లు. అందుకని ఆ గీతని మనమే చేత్తో గీసుకోవాలి, గీసి కాపలా కాయాలి.

ఏడో గది

గదులు కట్టేముందో, లీజుకి తీసుకునేముందో మొదట మీ గదిని నిర్ణయించండి. మిగిలిన ప్లానంతా దాని చుట్టూ వేయండి. మా దగ్గర ఆరు గదులు అతిథులకి. ఏడోదానికి తలుపు మీద నంబరు లేదు, బుకింగ్ సైట్లలో దాని ఫోటో లేదు, రిసెప్షన్లో తాళాలు వేలాడే బోర్డు మీద దానికి మేకు కూడా లేదు. ఆ మేకు లేకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, బోర్డు మీద ఉన్నదంతా అమ్మకానికే అని మనిషి చెయ్యి అనుకుంటుంది. రాత్రి పదింటికి అలసటలో ఎవరైనా బతిమాలితే, అందిన తాళం తీసి ఇచ్చేస్తాం.

ఆ గదిని మీకు దొరికిన వాటిలో ఉత్తమమైన చోట పెట్టాలనేం లేదు. సముద్రం కనిపించే గది అతిథికే ఇవ్వండి, దాన్ని చూడ్డానికి డబ్బిచ్చేది వాళ్లే. మీ గదికి కావలసింది జనరేటరుకి దూరం, వంటింటి పొగకి దూరం, లోపలి నుంచి పడే గడియ. పిల్లలు చదువుకోవడానికి బల్ల. దేవుడి పటం పెట్టుకునే గూడు. మామూలు ఇంట్లో ఉండేవే.

గదితో పాటు ఒక వేళ కూడా కావాలి. ఏ హోటల్‌కైనా రోజులో ఒక చచ్చిన గంట ఉంటుంది, మీ హోటల్‌కి అదెప్పుడో కనిపెట్టండి. మా దీవికి ఆ వరం ఎండే ఇచ్చింది. దేశమంతటికీ ఒకే గడియారం, మేమేమో తూర్పున బాగా అవతల ఉన్నాం. అందువల్ల డిసెంబర్లో తెల్లవారడం అయిదున్నర లోపే, సాయంత్రం అయిదుకల్లా సూర్యుడు దిగిపోతాడు. సూర్యాస్తమయం చూసే చోటు పడమటి ఒడ్డున రాధానగర్ బీచ్, మా వైపు నుంచి డజను కిలోమీటర్లు. అంచేత మూడున్నరకల్లా గదులన్నీ ఖాళీ అవుతాయి. ఆరు దాటితే గాని ఎవరూ రారు. ఆ రెండున్నర గంటలూ మా ఇంటిల్లిపాదీ కూర్చుని భోంచేసే వేళ. మధ్యాహ్న భోజనం నాలుగింటికి తినడం మొదట్లో వింతగా ఉంటుంది, తర్వాత అదే అలవాటవుతుంది. నిలబడి, గరిటె చేత్తో పట్టుకుని, గిన్నెలో మిగిలింది తినడం మాత్రం అలవాటు కానివ్వకండి. ఆ పూట ఫోను ఎవరి దగ్గరుండాలో వంతులేసుకోండి. మిగిలినవాళ్లు ఫోను ముట్టరు.

ఇదే సమయానికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. గొడవలు ఆ వేళకి వాయిదా వేయొచ్చు. భార్యాభర్తలు ఒకే బల్ల వెనక నిలబడి రోజంతా పనిచేస్తే మాటామాటా రాకుండా ఉండదు. "బాబూ, రెండో నంబరుకి తువ్వాలు ఇచ్చావా?" అని పనివాణ్ని అడిగే గొంతుతోనే మొగుణ్ణి కూడా అడిగేస్తాం, అతనూ అంతే. అతిథుల ముందు ఎవరు తప్పన్నది తేల్చకూడదు. నాలుగింటికి తేల్చుకోవచ్చు. అన్నం తిన్నాక సగం గొడవలు గుర్తుండవు, ఉన్న సగం మాట్లాడదగ్గవే అయి ఉంటాయి.

ఇంట్లోవాళ్ల జీతం

ఈ అధ్యాయంలో ఒక్కటే చదివే ఓపికుంటే ఇది చదవండి.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఆరు గదులు. సీజన్ అయిదు నెలలు, అంటే 150 రోజులు. ఆ రోజుల్లో సగటున వందకి డెబ్బై గదులు నిండాయనుకోండి, 630 రాత్రులు. ఒక్కోటి 2,500 చొప్పున 15 లక్షల 75 వేలు. మిగిలిన 215 రోజుల్లో వందకి ఇరవై నిండితే 258 రాత్రులు. వానల్లో రేటు 1,500కి దిగుతుంది కాబట్టి 3 లక్షల 87 వేలు. మొత్తం 19 లక్షల 62 వేలు. (వంటింటి అమ్మకం వేరే. అది కలిస్తే 20 లక్షల గీత దాటతాం, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. దీన్ని మీ ఆడిటరుతో మాట్లాడండి, బుకింగ్ సైటువాళ్ల మాట మీద వదలకండి.)

ఇప్పుడు ఖర్చు. స్థలానికి లీజు నాలుగు లక్షలు. ఇద్దరు పనివాళ్లకి నెలకి పదిహేను వేల చొప్పున మూడు లక్షల అరవై వేలు. కరెంటూ డీజిలూ రెండు లక్షలు. సైట్లకీ ఏజెంట్లకీ కమీషను రెండు లక్షలు. దుప్పట్లు, సబ్బులు, రంగులు, ప్లంబరు, కాలిపోయిన మోటారు కలిపి రెండున్నర లక్షలు. లైసెన్సులు, నెట్టు, చిల్లర మల్లర ఎనభై వేలు. మొత్తం 14 లక్షల 90 వేలు. చేతిలో మిగిలింది 4 లక్షల 72 వేలు.

చాలామంది ఇక్కడ ఆగి, లాభం వచ్చిందని స్వీట్లు పంచుతారు. ఆగకండి. గల్లా దగ్గర తెల్లవారుజామున నాలుగింటి నుంచి రాత్రి పదకొండు దాకా ఉన్నదెవరు? మీరు. గదులూ దుప్పట్లూ లెక్క చూసి, పనివాళ్లని కూడగట్టి, బజారు చేసిందెవరు? మీ ఇంట్లోవాళ్లు. బయటి మనుషుల్ని పెడితే ఒకరికి ఇరవై వేలు, ఒకరికి పద్దెనిమిది వేలు ఇవ్వాలి. ఏడాదికి 4 లక్షల 56 వేలు. తీసేయండి. హోటల్ సంపాదించింది పదహారు వేల రూపాయలు.

ఈ అంకె చూసి బెదరక్కర్లేదు, మొదటి రెండేళ్లు ఇలాగే ఉండొచ్చు. తెలియకుండా ఉండటమే ప్రమాదం. జీతం రాయనప్పుడు హోటల్ బాగా నడుస్తున్నట్టు కనబడుతుంది, ఇంట్లోవాళ్లు మాత్రం రోజురోజుకీ నీరసపడుతుంటారు. ఎందుకో ఎవరికీ అంతుబట్టదు. జీతం రాస్తే గది రేటు రెండు వందలు పెంచాలా, మూడో మనిషిని పెట్టుకోవాలా, వానాకాలం పూర్తిగా మూసేయాలా అన్నవి లెక్క పుస్తకమే చెబుతుంది.

కాగితం మీద రాస్తే సరిపోదు, చేతికివ్వాలి. నెల మొదటి తారీఖున, పనివాళ్లకిచ్చే రోజే, అదే పద్ధతిలో. భార్యకి ఆమె ఖాతాలో, భర్తకి అతని ఖాతాలో. వంటలో సాయం చేసే తల్లికి కవర్లో. చదువుకునే పిల్లలు సెలవుల్లో బల్ల దగ్గర కూర్చుంటే వాళ్లక్కూడా గంటకింత. డబ్బులన్నీ చివరికి ఒకే ఇంట్లోకే కదా అంటారు. ఒకే ఇంట్లోకే, కానీ ఒకే చేతిలోకి కాదు. చీర కొనుక్కోవడానికి గల్లా తెరవమని భర్తని అడిగే మనిషి హోటల్‌కి యజమానురాలు ఎలా అవుతుంది? ఈ మాట పుస్తకాల్లో తక్కువ రాస్తారు, వంటిళ్లలో ఎక్కువ వినిపిస్తుంది.

మా అత్తయ్యది సోంపేట దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలో మావయ్యతో విశాఖలో షిప్పెక్కి, సముద్రం మీద రెండు మూడు రోజులు వాంతులు చేసుకుంటూ అండమాన్ చేరిన మనిషి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి పదమూడు మందికి పైనే. వాళ్లలో చాలామంది కథ ఇదే. మొదటిసారి కవరు చేతిలో పెట్టినప్పుడు ఆవిడ దాన్ని బల్ల మీదికి విసిరేశారు. "ఏటమ్మా ఇది? కోడలి దగ్గర జీతం పుచ్చుకుంటానేటి? నలుగురూ వింటే నవ్విపోతారు." మా ఆయన ఏమీ మాట్లాడకుండా లెక్క పుస్తకం తెచ్చి, పనివాళ్ల పేర్ల కింద ఆవిడ పేరు చూపించాడు. సంతకం పెట్టే గడి ఖాళీగా ఉంది. "సంతకం లేకపోతే ఆడిటరు ఒప్పుకోడమ్మా" అన్నాడు. అది అబద్ధం. ఆవిడ పెన్ను అందుకున్నారు.

షిప్పు రాని రోజు

ఇక మీరడిగిన ప్రశ్న. నైరుతి రుతుపవనం మే నడిమిలోనే ఇక్కడికి దిగుతుంది, కేరళ కంటే ముందు. అక్కణ్ణుంచి సెప్టెంబర్ దాకా, మళ్లీ ఈశాన్యం గాలి మొదలయ్యాక నవంబర్, డిసెంబర్లలోనూ, సముద్రం ఎప్పుడు తలుపు మూసేస్తుందో చెప్పలేం. హెచ్చరిక వచ్చిందంటే బోట్లు కట్టేస్తారు. 2016 డిసెంబర్ మొదటి వారంలో వాయుగుండం పడి హావ్‌లాక్‌లోనూ, పక్క దీవి నీల్‌లోనూ వెయ్యికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. మొదట నౌకాదళం ఓడలు కూడా జెట్టీకి ఆనలేక బయటే ఆగాయి. చివరికి వాళ్లే వచ్చి జనాన్ని తీసుకెళ్లారు.

అలాంటి రోజు వచ్చాక రేటు ఆలోచించకూడదు. ముందే రాసి గోడకి పెట్టాలి. ఎందుకంటే ఆ రోజున అతిథి భయంలో ఉంటాడు, విమానం పోతుందని, సెలవు అయిపోతుందని. మీరు అలసటలో ఉంటారు. ఇద్దరూ తప్పు మాటే మాట్లాడతారు. మేం రాసి పెట్టిన మాట ఇది: బోటు రద్దయిన రాత్రికి గది సగం రేటు, భోజనం ఇంట్లో వండిందే, ఖర్చు మేరకి. ఈ దయ వల్ల నష్టమొస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆలోచించండి: పాతవాళ్లని తీసుకెళ్లలేని షిప్పు కొత్తవాళ్లని తేలేదు కదా. ఆ గది ఎలాగూ ఖాళీగా ఉండేదే. లేకపోతే ఆ సగం రేటు కూడా రాదు. పైగా అలా ఉండిపోయినవాళ్లు మరుసటేడు తమ బావమరిది కుటుంబాన్ని పంపుతారు.

చిక్కొచ్చేది షిప్పులు మళ్లీ మొదలైన రోజున. పాతవాళ్లు మధ్యాహ్నం బోటుకి గాని వెళ్లరు, కొత్తవాళ్లు పొద్దున బోటుకే దిగిపోతారు. ఆ నాలుగు గంటలకి ఒక చోటు కావాలి: సంచులు పెట్టుకోవడానికి గదిలాంటిది, బయట ఒక స్నానాల గది, టీ, కూర్చోవడానికి నీడ. కొత్తగా కట్టేవాళ్లు బయట స్నానాల గది తప్పకుండా కట్టండి. దానంత పనికొచ్చే కట్టడం ఇంకోటి లేదు.

బుకింగ్ తీసుకునేటప్పుడే చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. విమానం ఎక్కే ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్లో ఉండేట్టు పెట్టుకోమనండి. మీకు ఒక రాత్రి బేరం పోతుంది. పోనివ్వండి. ఏ రోజు బోటు దిగి ఆ రోజే విమానం ఎక్కే ప్లాను వేసుకున్నవాళ్లలో కొందరు ఏడుపు మొహంతో మీ బల్ల ముందే నిలబడతారు. ఆ ఏడుపు మీ నిద్ర పాడుచేస్తుంది.

సరుకుల సంగతి. ఈ దీవిలో కొబ్బరి, అరటి, పోక పుష్కలం. నీల్ నుంచి కూరగాయలొస్తాయి. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, పప్పు, నూనె, గ్యాసు సముద్రం దాటి రావాల్సిందే. వారం రోజులకి సరిపడే పొడి సరుకు ఎప్పుడూ ముట్టని నిల్వగా ఉంచండి. ముట్టని నిల్వంటే, వాడి మళ్లీ కొంటాం అనుకునేది కాదు. తాళం వేసి, తాళం చెవి వంట చేయని మనిషి దగ్గర ఉంచండి. గ్యాసు సిలిండర్లు మాత్రం ఎన్ని దొరికితే అన్ని, నిబంధన ఒప్పుకున్నంత.

మిగతావి త్వరగా చెబుతాను. ఉప్పుగాలికి ఇనుము నిలవదు, తాళాలూ బందులూ ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో పెట్టండి, ధర చూసి వెనక్కి తగ్గకండి. ఒక్కో మంచానికి నాలుగు జతల దుప్పట్లు కావాలి. మెయిన్‌ల్యాండ్‌లో మూడు చాలు, ఇక్కడ వానల్లో ఆరడానికే రెండు రోజులు పడుతుంది. ప్రతి గది ముందూ కాళ్లు కడుక్కునే కుళాయి పెడితే ఇసుక సగం బయటే ఆగిపోతుంది, ఊడ్చేవాళ్ల నడుము నిలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో బావి అడుగంటుతుంది, కాబట్టి వాన నీటికి పెద్ద ట్యాంకు వానకి ముందే కట్టించండి. ఏసీకి స్టెబిలైజరు లేకుండా ఒక్క రోజు కూడా వద్దు. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్లో పంపాలి, రేపు చూద్దాం అనేది అందులో కుదరదు.

లేదని చెప్పడం

దీవిలో లేనివి ఎక్కువ. కాబట్టి రోజుకి పదిసార్లు లేదని చెప్పే పని ఉంటుంది. ఇది నేర్చుకోవాల్సిన విద్యే. లేనిదాన్ని మొదటి వాక్యంలో చెప్పాలి, ఉన్నదాన్ని రెండో వాక్యంలో. మధ్యలో క్షమాపణల వరద అక్కర్లేదు.

తెలుగువాళ్లు దిగితే మొదటి పూటే వచ్చే ప్రశ్న పెరుగు. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అన్నం పళ్లెం ముందు పెట్టుకుని చుట్టూ చూశారు.

"అమ్మాయ్, గడ్డ పెరుగు లేదా?"

"గడ్డ పెరుగు ఇక్కడ దొరకదు పిన్నిగారూ. పాలపొడితో తోడేసిన పెరుగుంది, కాస్త పల్చన. అల్లం, పచ్చిమిర్చి వేసి మజ్జిగ చేసి ఇవ్వమంటారా?"

"ఆవకాయ?"

"మా అత్తయ్య పెట్టింది ఉంది."

"అయితే మజ్జిగే తే."

ఇదే "సారీ అండీ, ప్రయత్నిస్తాం, రేపు చూస్తాం" అని సాగదీస్తే రేపు కూడా అదే ప్రశ్న వస్తుంది, ఈసారి కోపంతో. చెప్పకుండా దాచిన లేమిని అతిథి మోసం అనుకుంటాడు. ముందే చెప్పిన లేమిని దీవి అనుకుంటాడు.

అందుకే గది తాళం ఇచ్చేటప్పుడే నాలుగు మాటలు చెప్పేయాలి. సూర్యాస్తమయం చూడాలంటే మూడున్నరకే బయల్దేరండి, అయిదున్నరకి వెళ్తే చీకటే. నెట్ ఉంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద వేసిన కేబుల్ వచ్చాక బాగా మెరుగైంది, అంతకుముందు అంతా శాటిలైటే. అయినా గాలివాన రోజున ఫోన్‌పే పని చేయకపోవచ్చు, కాస్త నగదు దగ్గర ఉంచుకోండి. బీచ్‌లో పగడం ముక్కలు ఏరుకోకండి; అవి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవులు, విమానాశ్రయంలో సంచులు తెరిపిస్తారు. సాయంత్రం ఇసుక మీద పడుకుంటే ఇసుక ఈగలు కుడతాయి, వారం దాకా దురద. నాలుగు మాటలకీ రెండు నిమిషాలు కూడా పట్టవు. వీటిని వేరే వేరే గదులకి వేరే వేరే వేళల్లో వివరించాల్సి వస్తే మాత్రం మీ సాయంత్రం అంతా పోతుంది, నాలుగింటి భోజనంతో సహా.

ఒక ఇబ్బంది చెప్పి తీరాలి. కుటుంబ హోటల్‌కి వచ్చేవాళ్లలో కొందరు కుటుంబాన్ని కూడా కొనుక్కున్నామనుకుంటారు. వంటింట్లోకి వచ్చి మూతలు తీస్తారు, పిల్లల్ని ఫోటోలు తీస్తారు, ఏడో గది తలుపు కొట్టి ఛార్జర్ అడుగుతారు. ఆప్యాయతతోనే చేస్తారు, కోప్పడలేం. వంటింటి గుమ్మానికి నడుమెత్తున ఒక చెక్క గేటు పెట్టించండి. మాట్లాడుకోవచ్చు, వంట చూడొచ్చు, వాసన పీల్చొచ్చు, లోపలికి రావడం కుదరదు. మా గేటు వడ్రంగి పడౌక్ చెక్కతో చేశాడు, దాని మీద మోచేతులానించి కబుర్లు చెప్పేవాళ్ల వల్ల పైపట్టీ నున్నగా మెరుస్తుంది. దాన్ని ఎవరూ అవమానం అనుకోలేదు.

జూన్

సీజన్లో గల్లా నిండుగా ఉంటుంది, అదే ఇబ్బంది. జనవరిలో చేతిలో ఉన్న డబ్బులో సగం జూన్‌ది. జూన్ ఇంకా రాలేదు కాబట్టి అడగదు. ప్రతి రాత్రీ గల్లా కట్టేటప్పుడే జూన్ వాటా వేరు చేసి మర్నాడు పోర్ట్ బ్లెయిర్ బ్యాంకు ఖాతాలోకి పంపేయండి, ఆ ఖాతాకి ఫోన్లో యాప్ పెట్టుకోవద్దు. ఎంత వేరు చేయాలో పై లెక్కలోనే తెలుస్తుంది: వానల ఏడు నెలల్లో వచ్చే ఆదాయం లీజుకీ జీతాలకీ చాలదు, ఎంత చాలదో ఆ మొత్తాన్ని 150తో భాగించండి. సీజన్లో రోజుకింత అని వస్తుంది. మంచి రోజున ఆ మొత్తం, సోమరి రోజున కూడా ఆ మొత్తమే.

ఇక జూన్‌లో గానీ జూలైలో గానీ నెల రోజులు పూర్తిగా మూసేయండి. ఒకటో రెండో గదులు నిండుతాయని తెరిచి ఉంచితే కరెంటు బిల్లు కూడా రాదు, మీ సెలవూ పోతుంది. ఆ నెలలో పరుపులు ఎండేసేది లేదు కాబట్టి నిలబెట్టి గాలి తగిలేలా పెట్టండి, తలుపులు వాచి మూసుకోకుండా అంచులు తీయించండి, సెప్టిక్ ట్యాంకు ఎత్తించండి. ఒక వారం ఈ పనులకి. మిగిలిన వారాలు ఊరికెళ్లండి. చుట్టాల ఇళ్లలో భోంచేయండి, వడ్డించేవాళ్లు వడ్డిస్తుంటే కదలకుండా కూర్చోండి, మొదటి రోజు చేతులు ఊరుకోవు.

పనివాళ్లకి ఆ నెల సగం జీతం ఇవ్వండి. ఇవ్వకపోతే అక్టోబర్లో వాళ్లు రారు, వేరే చోట చేరిపోతారు. ఇంట్లోవాళ్లకి కూడా సగమే, అదే నియమం. దీని మీద మా ఇంట్లో వాదన జరిగింది. ఏడాదంతా కవరు అందుకున్న అత్తయ్య, జూన్ కవరు తెరిచి చూసి, సగమే ఉందేమిటని మా ఆయన్ని నిలదీశారు. మూసేశాం కదమ్మా అన్నాడు. సరే అన్నారు. ఆ వారమే షిప్పుకి గ్యాసు సిలిండర్లు ఒకేసారి వచ్చాయి, కొందామంటే జూన్ ఖాతా నుంచి డబ్బు రావడానికి రెండు రోజులు పట్టేలా ఉంది. అత్తయ్య ఏడో గదిలోకెళ్లి, ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత కవర్లన్నీ తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. ఒక్కటీ విప్పి ఖర్చు పెట్టినట్టు లేదు.

"తీసుకోండి. రెండ్రూపాయల వడ్డీ. పుస్తకంలో రాయండి, నా సంతకం కూడా పెడతాను."

రాశాం. సెప్టెంబర్లో వడ్డీతో సహా తీర్చాం.